ఛాత్రశబ్దార్థము: వ్యాకరణ సంప్రదాయమున గురుకృతజ్ఞత

విద్యార్థికి సంస్కృతభాషయందుఁ బెక్కు పేళ్లు గలవు. శిష్యుఁడు, అంతేవాసి, మాణవకుఁడు, ఛాత్రుఁడు అనునవి యందుఁ గొన్ని. వీనిలో ఛాత్రశబ్దముయొక్క వ్యుత్పత్తి ప్రత్యేకముగా విచారింపఁదగినది. అష్టాధ్యాయి 4-4-62 సూత్రముచేత ఛత్రశబ్దముమీఁద 'అది శీలముగాఁ గలవాఁడు' అను నర్థమున ణప్రత్యయము విధింపఁబడినది. ఛత్రమనఁగా గొడుగు. గొడుగు శీలముగాఁ గలవాఁడు ఛాత్రుఁడని యర్థ మేర్పడుచున్నది. అట్లయినచో రాజునకు గొడుగు పట్టు భటుఁడును ఛాత్రుఁడు కావలసివచ్చునే యని పతంజలి మహాభాష్యమునఁ దానే శంకించి తానే సమాధానము చెప్పినాఁడు. ఇచట గొడుగనఁగా గురువే. గురువు గొడుగువలె శిష్యుని గప్పి కాపాడవలెను. శిష్యుఁడును గురువును గొడుగునువలె భద్రముగాఁ జూచుకొనవలెను. ఇది భాష్యకారుని భావము.

కాశికావృత్తికారులు దీనినే మఱియొక తెఱఁగున వివరించిరి. గురుకార్యములయందు మనసు నిలిపి, గురువుయొక్క ఛిద్రములను గప్పుటయందుఁ బ్రవర్తించువాఁడు ఛాత్రుఁడని వారి వివరణము. ఛిద్రమనఁగా రంధ్రము, దోషము. భాష్యమున నున్నది పరస్పర రక్షణము, వృత్తియందున్నది దోషాచ్ఛాదనము. పైకిఁ జూచిన నీ రెండును నొక్కటియే యనిపించును గాని, కొంచెము తఱచి చూచినచో నొక చిక్కు బయలుపడును. గురువునకు నడవడియందు లోపమున్నచో శిష్యుఁడు దానిని గప్పవచ్చును. లోపము శాస్త్రమునందే యున్నచో నేమి చేయవలెను? కప్పినచో శాస్త్రము చెడును. విప్పినచో ఛాత్రత్వము చెడునేమో యని భయము. గురువునందుఁ గృతజ్ఞత గలవాఁడు గురుమతమును ఖండింపవచ్చునా, ఖండింపరాదా అను నీ ప్రశ్న నేఁటి పాఠశాలలలోను దీఱినది కాదు. వైయాకరణుల చరిత్రమునందు దీనికి సమాధానము వెదకుటయే యీ వ్యాసమున కుద్దేశము.

కృతఘ్నత యెట్టిదో యెఱుఁగనివారు కారు మన ప్రాచీనులు. ఒక గురుకులమునఁ గుదురుగా నిలువక తిరుగువానిని దీర్థకాకమని పరిహసింతురని భాష్యమునఁ గలదు. తీర్థమునందలి కాకి యొకచోట నెంతోసేపు నిలువదు గదా. పాణినీయమును జదువుటకుఁ గాక, అచట దొఱకు నన్నముకొఱకై చేరినవారికి 'ఓదనపాణినీయులు' అను పేరు గలదు. శాస్త్రమును, గురువును సాధనములుగా మాత్రమే చూచువారు నాఁడును గలరు. వారిని గుఱించి విచారింపఁబని లేదు. శాస్త్రముకొఱకే శ్రమించి గురువుతో భేదించినవారి మాటయే మనకుఁ గావలసినది.

మొదట సూత్రకారుని జూతము. పాణిని తనకుఁ బూర్వులైన శాబ్దికులలోఁ బదిమందిని బేరెత్తి స్మరించినాఁడు. ఆపిశలి, కాశ్యపుఁడు, గార్గ్యుఁడు, గాలవుఁడు, చాక్రవర్మణుఁడు, భారద్వాజుఁడు, శాకటాయనుఁడు, శాకల్యుఁడు, సేనకుఁడు, స్ఫోటాయనుఁడు అని వారి నామములు. వీరి వ్యాకరణములలో నొక్కటియు నేఁడు సమగ్రముగా మనకు దక్కలేదు. వారు శబ్దశాస్త్రమునఁ గృషి చేసిరని లోకము నేఁటికిని దలఁచుకొనుటకుఁ బాణిని వారి పేళ్లను సూత్రములయం దిముడ్చుటయే ముఖ్యకారణము.

ఆచార్యుని పేరు సూత్రమున నేల చేర్పవలెను? ఆ విధి యాతని మతమున మాత్రమే ప్రవర్తించును, ఇతరుల మతమునఁ బ్రవర్తింపదు. కావున వికల్పము సిద్ధించును అని సామాన్యముగాఁ జెప్పెడి ప్రయోజనము. ఇది పెక్కు సూత్రములకుఁ దగియేయున్నది. కాని మూఁడు సూత్రములను జూడుఁడు. 6-1-92 సూత్రమున ఋకారము మొదలుగాఁ గల నామధాతువు పరమగునపుడు వృద్ధి వికల్పముగాఁ జెప్పఁబడినది. ఉపార్షభీయతి, ఉపర్షభీయతి అని రూపములు. వికల్పము తెలుపు శబ్దము సూత్రముననే యున్నది. అయినను ఆపిశలి పేరు గూడఁ గలదు. 6-1-123 సూత్రము గోశబ్దమునకు అవఙాదేశము చెప్పి గవాగ్రాదిరూపములను సాధించునది. అచట వికల్పము పైనుండి వచ్చుచునే యున్నది. అయినను స్ఫోటాయనుని పేరు గలదు. 5-4-112 సూత్రము ఉపగిరము, ఉపగిరి అను రూపద్వయమునకు మూలము. అచటను వికల్పాధికారము నడచుచునే యున్నది. అయినను సేనకుని పేరు గలదు. ఈ మూఁటియందును కాశికాకారులు చెప్పిన సమాధాన మొక్కటియే: ఆచార్యుని పేరు గ్రహించుట పూజార్థము.

వ్యాకరణము చదివినవారికి ఈ పూజార్థమను మాటయొక్క బరువు తెలియును. అర్ధమాత్ర తగ్గినచో వైయాకరణులు పుత్రోత్సవము జరిగినట్లు సంతోషింతురని ప్రసిద్ధి. నాగేశభట్టు పరిభాషేందుశేఖరమును ముగించునది యీ న్యాయముతోనే. దాదాపు 4000 సూత్రములలో లౌకిక వైదిక భాషలను రెంటిని నిమిడ్చిన మహర్షి, ఒక్క యక్షరము మిగిలినను మిగిల్చికొనువాఁడు, స్ఫోటాయనుఁడను నాలుగక్షరముల పేరును గార్యాంతరము లేకయే సూత్రమున నిలిపినాఁడు. లాఘవమునకుఁ బ్రాణమిచ్చు శాస్త్రమున నింత గౌరవమునకు సమ్మతి లభించినది యొక్క కృతజ్ఞతకే. మఱియొక విశేషము గలదు. పాణిని యాపిశలినిగాని, శాకటాయనునిగాని యనుసరించి యూరకుండలేదు. వారి శాస్త్రములను దాఁటి తన శాస్త్రమును నిర్మించినాఁడు. దాఁటినవాఁడు దాఁటఁబడినవారి పేళ్లను మాపలేదు.

ఇఁక వార్తికకారుఁడు. కాత్యాయనుఁడు సూత్రములలో వేయింటికిఁ బైగా నెత్తికొని, ఇచట నుక్తము, ఇచట ననుక్తము, ఇచట దురుక్తము అని విచారించినాఁడు. దీనిని బట్టి గోల్డ్‌స్టూకరు పండితుఁడు 1861 లోఁ బ్రకటించిన తన పాణినివిషయక గ్రంథమునఁ గాత్యాయనుని సూత్రకారునకుఁ బ్రతిపక్షిగాఁ జిత్రించెను. పదునైదేండ్లకు, 1876 లో, కీల్‌హారను పండితుఁడు కాత్యాయన పతంజలుల సంబంధమును గుఱించి బొంబాయిలోఁ బ్రకటించిన చిన్న పుస్తకమున నీ మతమును నిరాకరించి, వార్తికములలోఁ బెక్కింటి పని సూత్రమును బరీక్షించి నిలుపుటయేగాని కూల్చుట కాదని నిరూపించెను. మన పాఠశాలలయం దీ సంగతి ముందునుండియుఁ దెలిసినదే. అష్టాధ్యాయియందలి కడపటి సూత్రముమీఁది వార్తికమును దెఱచి చూచినచో నది పాణినిని భగవచ్ఛబ్దముతోఁ బేర్కొని, ఆయన సూత్రము సిద్ధించినదని ముగియుచున్నది. వేయి స్థలములలోఁ బ్రశ్నించిన నోటనే తుదకు 'భగవంతుఁడు' అను మాట వెడలినది. ఇది భయముచే వచ్చిన మాట కాదు. అంతగాఁ బరీక్షించినవానికిఁ గాని యంత గౌరవము కలుగదు.

భాష్యకారుని మార్గమును నిట్టిదే. ప్రమాణభూతుఁడైన యాచార్యుఁడు దర్భలచేఁ బవిత్రమైన చేతితో, శుచియైన చోటఁ బ్రాఙ్ముఖుఁడై కూర్చుండి, మహాప్రయత్నముతో సూత్రములను రచించెననియు, అందొక వర్ణమైనను వ్యర్థము కానేరదనియుఁ బతంజలి మొదటి సూత్రమునందే ప్రతిజ్ఞచేసెను. ఇట్లు పలికిన పతంజలియే పెక్కు సూత్రములను అనావశ్యకములని ప్రత్యాఖ్యానము చేసెను. ఈ రెంటికిని విరోధమున్నట్లు తరువాతివా రెవ్వరును దలఁపలేదు. మునులలో ముందటివారికంటె వెనుకటివారి మాటకే ప్రామాణ్య మధికమను నియమమును వైయాకరణు లేర్పఱచికొనిరి. శిష్యస్థానమున నున్నవాని మాట గురుస్థానమున నున్నవాని మాటను బాధింపవచ్చునని యొప్పుకొనుట యిందలి విశేషము. అట్లయ్యును మువ్వురును మునిత్రయమను నొక్క నమస్కారముననే చేరియున్నారు.

మహాభాష్య సంప్రదాయ మొకప్పుడు తెగిపోయి, మరలఁ గూర్పఁబడినదని భర్తృహరి వాక్యపదీయమున రెండవ కాండము తుదను జెప్పియున్నాఁడు. శిష్యపరంపర నుండి జాఱిపోయి గ్రంథమాత్రముగా దాక్షిణాత్యులయందు నిలిచిన వ్యాకరణాగమమును జంద్రాచార్యాదులు పర్వతమునుండి పొంది మరల విస్తరింపఁజేసిరని యందుఁ గలదు. ఈ పర్వతము త్రిలింగదేశమున నొక భాగముననున్న త్రికూటమునకుఁ జేరినదని వ్యాఖ్యాత పుణ్యరాజు వ్రాసినాఁడు. అచట ఱాతిమీఁద రావణుఁడు రచించిన మూలవ్యాకరణముండెననియు, దాని నొక బ్రహ్మరాక్షసుఁడు తెచ్చి చంద్రాచార్య వసురాతాదుల కిచ్చెననియు నాతఁడు చెప్పిన కథ కథయే యగుఁగాక. భాష్యసంప్రదాయము మరల మొలకెత్తిన చోటు తెలుఁగునేల యని యొక ప్రాచీన వ్యాఖ్యాత తలఁచెననుట మన చరిత్రకారులు గుర్తింపఁదగిన విషయము.

ఆ ఘట్టమున మనకు ముఖ్యమైనది వేఱొకటి గలదు. ఇంత చరిత్రము చెప్పిన భర్తృహరి, ఈ యాగమసంగ్రహమును రచించినవాఁడు మా గురువని చెప్పి ముగించినాఁడు. ఆ గురువు వసురాతుఁడని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వాక్యపదీయము భర్తృహరికృతియని లోక మెఱుఁగును. కర్తృత్వమును మాత్రము కర్త గురువునకే యర్పించినాఁడు. పుస్తక మేది తనది, ఏది గురువుది యని విభజింపలేని స్థితి నిజమైన విద్యకు లక్షణము. నేర్చినది తన బుద్ధిలోఁ గలిసిపోయిన పిమ్మట ఋణమును వేఱుగాఁ దీసి లెక్కపెట్టుట యెట్లు? భర్తృహరి లెక్క మానివేసి, మొత్తమును గురువు పేర వ్రాసినాఁడు.

ఇంతవఱకు నంతయు బాగుగనేయున్నది. సంప్రదాయమున గొప్ప కలహము గూడ నొకటి గలదు. దానిని విడిచినచో నీ విచారము సగమే యగును.

కాశీనగరమున శేషవంశమువారు వ్యాకరణమునకుఁ బెట్టినది పేరు. ఆ వంశమున శేషకృష్ణపండితుఁడు రామచంద్రాచార్యుని ప్రక్రియాకౌముదికిఁ బ్రకాశమను వ్యాఖ్యను రచించెను. ఆయనయొద్ద వ్యాకరణము చదివినవాఁడు భట్టోజిదీక్షితుఁడు. దీక్షితుఁడు సిద్ధాంతకౌముదిని రచించి, దానికిఁ దానే ప్రౌఢమనోరమయను వ్యాఖ్యను గూర్చి, యందు గురువుయొక్క ప్రకాశమును ఖండించెను. శేషకృష్ణుని కుమారుఁడు వీరేశ్వరుఁడు. ఆ వీరేశ్వరుని శిష్యుఁడు మన జగన్నాథపండితరాయలు. తాను తైలంగకులమువాఁడనని యాసఫవిలాసమున నాతఁడే చెప్పికొన్నాఁడు. షాజహాను చక్రవర్తి (పాలనము 1628–1658) యాతనికిఁ బండితరాజబిరుదము నొసఁగెను.

జగన్నాథుఁడు గురుకృతజ్ఞతయందు సామాన్యుఁడు కాఁడు. రసగంగాధరారంభమునఁ దన తండ్రియు గురువునైన పేరుభట్టునకు మ్రొక్కుచు, ఆ తండ్రి యెవ్వరియొద్ద నేమి చదివెనో గూడ వ్రాసినాఁడు. జ్ఞానేంద్రభిక్షువువలన వేదాంతము, మహేంద్రునివలన న్యాయవైశేషికములు, కాశిలో ఖండదేవునివలన మీమాంస, శేషపండితునివలన మహాభాష్యము. గురువునకు మాత్రమేకాక గురుగురువులకును నామమున్నది. సాహిత్యగ్రంథమునకు మొదట నింత విద్యావంశవృక్షము నాటినవారు తక్కువ.

అట్టివాఁడు మనోరమను జూచి సహింపలేక, దానిపై నొక ఖండనము వ్రాసి 'మనోరమాకుచమర్దనము' అని పేరుపెట్టెను. అందుఁ బీఠికలో నాతని యభియోగ మిది: శేషకృష్ణుని యనుగ్రహముచే విద్య నార్జించిన భట్టోజిదీక్షితుఁడు, ఆ గురువు పరలోకగతుఁడైన పిమ్మట, కలిప్రభావమున బుద్ధి చలించి, గురుగ్రంథమును దూషించెను. కావున నాతఁడు గురుద్రోహి. శేషకృష్ణుని పౌత్రుఁడును వీరేశ్వరుని తనయుఁడునైన పండితుఁ డీ మనోరమను మున్నే దూషించినాఁడనియు, తన బుద్ధిని బరీక్షించుకొనుటకై తాను మరల నెత్తికొనుచున్నాననియు జగన్నాథుఁడు చెప్పినాఁడు.

ఈ యభియోగమును మనము తూఁచి చూడవలెను. ఖండించుటయే ద్రోహమైనచోఁ గాత్యాయనుఁడును ద్రోహియే, పతంజలియుఁ ద్రోహియే. అట్లు శాస్త్ర మొప్పుకొనలేదు. కావున దీక్షితునిపైఁ బడినది ఖండనదోషము కాదు. జగన్నాథుని వాక్యమున రెండంశములు గలవు. గురువు జీవించియుండఁగాఁ బ్రశ్నింపక, బదులు చెప్పుటకు గురువు లేని కాలమున ఖండించెననుట యొకటి. ఇది శాస్త్రవిచారమునఁ గాక మర్యాదయందలి లోపము, నిజమైనచోఁ జింతింపఁదగినదే. గ్రంథస్వరూపమున నున్నది రెండవది. మనోరమయందుఁ బూర్వప్రక్రియాకారుల పక్షములు తఱచుగాఁ బ్రాచీనులను సామాన్యశబ్దముచేతనే వచ్చి నిరాకరింపఁబడును. అక్కఱలేని చోటఁ గూడఁ బేరెత్తి పూజించినవాఁడు సూత్రకారుఁడు. ఆ సూత్రములనే ప్రక్రియగాఁ గూర్చిన దీక్షితుఁడు పేరును సామాన్యమునఁ గలిపివేయుట శేషశిష్యుల మనసునకు ఱంపమువలెఁ దోఁచియుండును.

అట్లని జగన్నాథుని మార్గము నిర్దుష్టమా? ఆతని కోపము గురుభక్తినుండి పుట్టినదే. కాని గ్రంథమునకుఁ బెట్టిన పేరే విచారమును బరిహాసముగా మార్చినది. గురువుకొఱకు నొక పండితుని మానభంగము చేయుట గురువునకు సేవ యగునా యని యడుగకతప్పదు. కాలము తన తీర్పును జెప్పినది. కౌముదియు, మనోరమయు నేఁటికిని బాఠమున నిలిచియున్నవి. కుచమర్దనమును శాస్త్రముకొఱకుఁ జదువువారు కొలఁదిమంది. వింత యేమనఁగా, శేషకృష్ణుని ప్రకాశమును నేఁటి విద్యార్థి వినుట మనోరమాపాఠమునందే. ఖండించినవాని పుస్తకమే ఖండితునకు నివాసమైనది. పేరు చెప్పియుండినచో నా నివాసము గౌరవముతోఁ గూడినదై యుండెడిది.

దీక్షితునకు శిష్యభాగ్య మధికము. వరదరాజుఁడు మధ్యకౌముదీ లఘుకౌముదులను రచించి, మధ్యకౌముదీప్రారంభమున భట్టోజిదీక్షితుని గురువుగాఁ బేర్కొని నమస్కరించినాఁడు. బాలురకుఁ బాణినీయమున మొదటిమెట్టు లఘుకౌముదియే యగుటచే, దీక్షితుని కీర్తికి శిష్యుని చిన్న పుస్తకమే పెద్దవాకిలి యైనది. దీక్షితుని మనుమఁడు హరిదీక్షితుఁడు. ఆయన శిష్యుఁడు నాగేశభట్టు. మనోరమావ్యాఖ్యయైన శబ్దరత్నము హరిదీక్షితుని పేర నున్నది. దానిని నాగేశుఁడే రచించి గురువు పేరఁ బ్రకటించెనని పండితపరంపరలోఁ జెప్పుకొందురు. ఆ నాగేశుఁడే శబ్దేందుశేఖరమునఁ బెక్కు చోట్ల మనోరమామతమును గాదని తన మతమును నిలిపినాఁడు. గ్రంథము గురువున కిచ్చినవాఁడు బుద్ధిని మాత్రము తాకట్టు పెట్టలేదు. శేఖరము తన పుత్రుఁడు, మంజూష తన పుత్రిక యని చెప్పి యా రెంటిని శివపార్వతుల కర్పించిన యా పండితుఁడు మన ప్రశ్నకు సమాధానము తన జీవితముననే చూపినాఁడు.

తెలుఁగు వ్యాకరణమునందును నీ మర్యాద కానవచ్చును. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858 లోఁ బ్రకటితమైనది. అందుఁ జెప్పఁబడని విషయములను జేర్చి బహుజనపల్లి సీతారామాచార్యులు (1827–1891) ప్రౌఢవ్యాకరణమును రచించిరి. దానికి వారు పెట్టిన పేరు త్రిలింగలక్షణశేషము. సూరి విడిచినది తప్పని చాటక, ఆయన లక్షణమునకు మిగిలినది యిదియని చెప్పుటకు శేషశబ్ద మొక్కటియే చాలినది. విజయనగరమున మహామహోపాధ్యాయ తాతా సుబ్బరాయశాస్త్రిగారు గుమ్మలూరి సంగమేశ్వరశాస్త్రిగారి శిష్యులు. శేఖరమునకుఁ దాము వ్రాసిన వ్యాఖ్యకు వారు గురుప్రసాదమని పేరిడిరి. నాగేశునంతటివాని వాక్యమునకు వివరణము వ్రాయఁగలిగినది తమ ప్రజ్ఞచేఁ గాదు, గురువుల యనుగ్రహముచేతనే యని గ్రంథనామమే పలుకుచున్నది.

ఇంతవఱకుఁ జూచినదానిచేఁ దేలునది యిది. కాశికాకారులు చెప్పిన ఛిద్రాచ్ఛాదనము గురువుయొక్క శీలమునకును, శరీరమునకును, సంసారమునకును జెందినది. శాస్త్రమున నది ప్రవర్తింపదు. శాస్త్రమున శిష్యుఁడు చేయవలసినవి మూఁడు. గురువు పేరు చెప్పవలెను. గురుమతమును గురువే చెప్పినంత బలముగాఁ జెప్పవలెను. పిమ్మట సత్యమున కవసరమైనచో భేదింపవలెను. మొదటి రెండును లేనిచో మూఁడవది ద్రోహమగును. అవి యున్నచో మూఁడవదియుఁ బూజయే. గురువున కిఁక ధర్మమొకటి గలదు. భాష్యకారుఁడు గొడుగును మొదట గురువు చేతనే పెట్టినాఁడు. ప్రశ్నించిన శిష్యునిమీఁదనుండి గొడుగు తీసివేయు గురువు, తరువాత శిష్యుఁడు గొడుగు పట్టలేదని వగచుట తగదు.

ఇఁక నొక్క మనవి. పైఁ బేర్కొన్నవా రందఱును గ్రంథకర్తలు. గ్రంథమొక్కటియు వ్రాయక, గ్రామములలో నరుఁగులమీఁద బ్రతుకంతయుఁ గౌముదీశేఖరములు చెప్పి పోయిన పండితుల సంఖ్య వీరికంటె నెన్నో రెట్లు. వారికి ముద్రితపత్రమున మిగిలిన చోటు శిష్యుల పీఠికలు మాత్రమే. ఆ పీఠికలలో 'గురువుల యనుగ్రహమున' నని మాత్రము వ్రాసి పేరు విడుచుట నేఁడు పరిపాటి యగుచున్నది. గురువు నోట విన్న విశేషార్థమును దన యూహగా నచ్చువేయుటయుఁ గలదు. విన్నవారు జీవించియున్నంతకాలమే యీ పేళ్లు దొఱకును. కావున మన పాఠశాలలలోని పండితులు తమ గురువుల నామము, గ్రామము, వారియొద్దఁ దాము చదివిన గ్రంథములు, చదివిన సంవత్సరములు, ఆ గురువుల గురువులు అను వివరములను వ్రాసి యీ పత్రికకుఁ బంపినయెడల, సంపుటమున కొన్ని పుటలు దానికిఁ గేటాయింపవలసినదిగాఁ బరిశోధకమండలివారిని గోరుచున్నాను. అందుఁ బొగడ్తలు వలదు, కథలు వలదు. పేళ్లును, ఊళ్లును, గ్రంథములును జాలును. సూత్రమునఁ జోటు లేకున్నను స్ఫోటాయనునకుఁ జోటు దొఱకినది. మన పత్రికలోఁ జోటునకుఁ గొఱఁత లేదు.